కాలేబు ఎడమ కాలు

శంషాబాద్‌లో కాలేబును ఉత్త కాలేబు అని పిలిచేది చర్చిలోనే. బయట అందరికీ అతను బుల్లెట్ కాలేబు. ఆ పేరు అతనికి ఎంత ఇష్టమో మా వాడకట్టులో అందరికీ తెలుసు. కాటేదాన్‌లో అల్యూమినియం గిన్నెలు చేసే ఫ్యాక్టరీలో అతను ఫిట్టరు. నేను అక్కడే గిన్నెలు మూటలు కట్టేవాణ్ని. రోజూ అతని బండి వెనక కూర్చునే డ్యూటీకి పోయేవాణ్ని కాబట్టి ఈ సంగతులన్నీ నాకు దగ్గరగా తెలుసు. దగ్గరగా తెలియకపోతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆ బండి అరవై రెండు నాటిది. పెళ్లి కాకముందు బొల్లారంలో ఒక రిటైర్డ్ సుబేదారు దగ్గర కొన్నాడు. పాత బుల్లెట్లన్నిటి మాదిరే దానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. తొంభైల నాటికి రోడ్లన్నీ నింపేసిన వంద సీసీ బండ్లకు ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. గేరు ఎడమ, బ్రేకు కుడి. కాలేబు ఇరవై ఏళ్లుగా ఎడమకాలితోనే బండి ఆపుతున్నాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి దండెం మీద వేసి, వాకిట్లో గోనెసంచి పరిచి బండి ముందు కూర్చునేవాడు. ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే పాయింట్లను నున్నటి ఉప్పుకాగితంతో రుద్దేవాడు. సిగరెట్టు డబ్బాలో ఉండే పల్చటి కాగితం వాటి మధ్య పెట్టి మెల్లగా లాగుతూ, కాగితం ఎప్పుడు వదులవుతుందో చూసి టైమింగ్ కట్టేవాడు. దానికోసం బస్టాండులో ఖాళీ డబ్బాలు ఏరుకొచ్చేవాడు. చర్చిలో సంఘపెద్ద అయినవాడి ఇంట్లో సిగరెట్టు డబ్బాలు ఉంటే పాస్టరు గారు ఏమనుకుంటారని భార్య యేసమ్మ గొణిగేది. ఆ డబ్బాలను ఆమె బియ్యం డ్రమ్ము వెనక దాచేది.

బుల్లెట్‌ను కిక్కు కొట్టడం కూడా అందరివల్లా అయ్యేది కాదు. హ్యాండిల్ దగ్గరి చిన్న లివరు నొక్కి, పిస్టన్ ఎక్కడుందో మీటరు ముల్లు చూసి తెలుసుకుని, అప్పుడు కొట్టాలి. తెలియక కొడితే కిక్కు తిరిగి పిక్క మీద తంతుంది. వాడకట్టు పిల్లలు తన్నులు తింటుంటే కాలేబు గోడకు ఆనుకుని చూసి, చివరికి వచ్చి ఒకే కిక్కుతో లేపేవాడు. లేపి ఊరుకుంటే బాగుండేది. వీధిన పోయే ప్రతి కొత్త బండిని ఏదో ఒకటి అనేవాడు. “దాన్ని తోలుడేందిరా, దాని మీద కూసోని జాకెట్లు కుట్టుకోవచ్చు” అనేవాడు. బండి మీద నుంచి పడ్డవాడెవడైనా కనిపిస్తే, పడ్డది బండి కాదు, వాని తెలివి అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

బస్టాండు పక్కన రేకుల షెడ్డులో గోవర్ధన్ మెకానిక్ షాపు ఉండేది. అతనికి ట్యాపెట్లు కట్టడం నేర్పింది కాలేబే. ఇంజన్ దింపాల్సి వస్తే ఇద్దరూ కలిసి దింపేవాళ్లు, మధ్యాహ్నం ఒకే టిఫిన్‌లో తినేవాళ్లు. తన బుల్లెట్ మీద ఇంకొకడి పానా పడనివ్వని కాలేబు గోవర్ధన్‌ది మాత్రం పడనిచ్చేవాడు. వాళ్లది స్నేహమే. దాన్ని చెడగొట్టింది రెండు మాటలు.

కొత్వాల్‌గూడ చెన్నయ్య ఆ ఏడు ఫాంహౌజ్ వాళ్లకు చెలక భూమి అమ్మి కొత్త హీరోహోండా కొన్నాడు. కొన్నాడేగాని తోలడం ఇంకా సరిగా రాదు, చేను గట్ల మధ్యే తిప్పేవాడు. వెనక బ్రేకు కొంచెం వదులుగా ఉందని గోవర్ధన్ దగ్గరికి తెస్తే అతను బిగించి పంపాడు. మర్నాడు చెన్నయ్య తల్లి రుక్మిణమ్మను పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపోవాలి. ఆమెను శంషాబాద్ బస్టాండు దాకా తన హీరోహోండా మీద తీసుకురమ్మని చెన్నయ్య కాలేబును అడిగాడు. తాను ముందే సైకిల్ మీద పోయి బస్సు ఆపి ఉంచుతానన్నాడు.

ఆ రోజు కాలేబు బుల్లెట్ ఇంజన్ విప్పి ఉంది. రింగులు మార్చాలని సిలిండరు తీసి గోనెసంచి మీద పెట్టాడు. సెలవు రోజు, చేతిలో బండి లేదు. చెన్నయ్య హీరోహోండా తోలనంటే తోలడం రాదనుకుంటారు. అందుకే ఎక్కాడు. ఎక్కేముందు “ఇది బండా, బొమ్మనా” అన్నాడట. ఆ మాట తర్వాత రుక్మిణమ్మే చెప్పింది.

కొత్వాల్‌గూడ దాటాక కాలువ మీది మోరీ దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. మలుపులో సందు నుంచి మేకలు ఒక్కసారిగా రోడ్డెక్కాయి. కాలేబు ఎడమకాలు తొక్కాడు. బుల్లెట్ అయితే అక్కడే ఆగేది. ఈ బండికి ఎడమకాలి కింద ఉన్నది గేరు. మూడో గేరులో ఉన్న బండి నాలుగులో పడి అదే ఊపుతో పోయింది. ఆగకపోయేసరికి ఇంకా గట్టిగా ఎడమకాలే తొక్కాడు. ముందు బ్రేకు ముట్టే అలవాటు అతనికి ఎన్నడూ లేదు. బండి మోరీ గోడకు కొట్టుకుంది. రుక్మిణమ్మ ఎగిరి పక్కన పడింది. మోకాలి కింద ఎముక విరిగింది.

మేకలవాళ్లు, చేలల్లో వాళ్లు ఉరికొచ్చారు. ముసలామెను లేపుతూ ఎవరో ఏమైందని అడిగారు. కాలేబు అప్పటికింకా నిలబడలేదు. దుమ్ములో కూర్చునే ఉన్నాడు.

“బ్రేకు పట్టలే” అన్నాడు.

అబద్ధం ఆడాలని ముందుగా అనుకుని ఉంటాడని నేననుకోను. బుల్లెట్ కాలేబు బండి మీద నుంచి ఎలా పడతాడన్న ప్రశ్నకు ఆ చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర కూడా వేరే జవాబు లేదు. వాళ్ల మొహాల్లో ఉన్న జవాబునే అతను పైకి అన్నాడు. కాని అన్నవాడు అతనే.

సాయంత్రానికి మాట శంషాబాద్ చేరింది. బ్రేకు చేసిందెవరు? గోవర్ధన్. చెన్నయ్య తరఫు మనుషులు షాపుకు వచ్చి సామాన్ల డబ్బాను రోడ్డు మీద బోర్లించారు. ముసలిదాని కాలు తీసినవు గదరా అని నలుగురిలో అన్నారు. గోవర్ధన్ వంగి తన పానాలు ఏరుకున్నాడు. వాళ్లు బండిని ట్రాలీలో తెచ్చి షాపు ముందు పడేసి పోయాక దాని ముందు కూర్చున్నాడు. వెనక చక్రం తేలిగ్గా తిరగలేదు. క్లచ్చు పట్టి తిప్పి, కుడి పెడలు నొక్కాడు. చక్రం టక్కున ఆగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ ఆగింది. తర్వాత గేరు చూశాడు.

పొద్దుగూకే వేళకు గోవర్ధన్ కాలేబు వాకిట్లోకి వచ్చాడు. నేను అప్పుడు అక్కడే సిలిండరు తుడుస్తున్నాను. గోవర్ధన్ కూర్చోలేదు.

“బండి టాప్ గేర్ల ఉన్నదన్నా. ఆ మూల మీద టాప్ గేర్ల ఎవలు పోతరు?”

ట్రాలీ ఎక్కించేటప్పుడు ఎవరో తొక్కి ఉంటారని కాలేబు అన్నాడు. అంటూ రింగును వెలుగుకు పట్టి చూస్తున్నాడు, చూడాల్సిందేమీ లేకపోయినా.

“బ్రేకు పడుతున్నది. నేను చూసిన.”

“అప్పుడు పడలే.”

గోవర్ధన్ కాసేపు అతని కాళ్ల వైపు చూశాడు. తర్వాత యేసమ్మ చాయ్ తెస్తుంటే వద్దక్కా అని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పటికైనా చెప్పి ఉంటే ఆ ఒక్క సాయంత్రంతో అయిపోయేది. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో యేసమ్మ లేచి నిలబడింది. బండికి బ్రేకు పట్టకపోయినా దేవుడే పట్టుకుని తన భర్త ప్రాణం కాపాడాడని, ఇందుకు స్తోత్రమని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. పక్కనున్నవాళ్లు కాలేబు వీపు నిమిరారు. అతను తల వంచుకుని కూర్చున్నాడు. ప్రార్థనలో ఉన్నాడనుకున్నారు. అబద్ధం ఇంటి గడప దాటి దేవుడి దగ్గరికి కూడా పోయింది, దాన్ని అక్కడికి తీసుకుపోయింది ఏమీ తెలియని ఆడమనిషి.

బుల్లెట్ బాగైంది. మేం మళ్లీ డ్యూటీకి పోతున్నాం. ఆ బండి చప్పుడు గోవర్ధన్ షాపుకు బజారు అవతల నుంచే వినిపిస్తుంది. అంతకుముందు కాలేబు అక్కడికి రాగానే ఎక్సిలేటరు ఒకసారి ఎక్కువిచ్చి చేయి ఊపేవాడు. ఇప్పుడు షాపు ఇంకా కొంత దూరం ఉండగానే లివరు నొక్కి ఇంజన్ ఆపేసేవాడు. అక్కడ రోడ్డు కొంచెం వాలుగా ఉంటుంది. ఆ వాలులో బండి చప్పుడు లేకుండా జారేది. గోవర్ధన్ ముందు నుంచి మేమిద్దరం దొంగల్లా జారిపోయేవాళ్లం. షాపు దాటాక గేరు వేసి క్లచ్చు వదిలితే బండి మళ్లీ లేచేది. గోవర్ధన్ తల ఎత్తి చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు, అంత దూరం నుంచి వచ్చిన చప్పుడు తన షాపు దగ్గరే ఎందుకు చస్తుందో తెలియనివాడు కాదు.

షాపు ముందు బండ్లు తగ్గాయి. గోవర్ధన్ దగ్గర బ్రేకు చేయించుకుంటే తిరుగు టికెట్ ఉండదని చాయ్ హోటల్లో జోకులు పుట్టాయి. షెడ్డు యజమాని కిరాయిదారును మారుస్తానని చెప్పాడు. పండుగ వెళ్లాక ఖాళీ చేయమన్నాడు. ఆ మాట ఫ్యాక్టరీలో నేనే కాలేబుకు చెప్పాను. అతను అన్నం డబ్బా మూసేశాడు.

ఆ సాయంత్రం బండి ఇంటికి తిప్పలేదు. నేరుగా కొత్వాల్‌గూడ పోనిచ్చాడు. రుక్మిణమ్మ కట్టు కాలుతో అరుగు మీద మంచంలో ఉంది. కాలేబును చూడగానే చేయి పట్టుకుంది.

“బ్రేకు లేని బండిని మోరీల పడకుంట ఆపినవ్ కొడుకా. ఇంకోడైతే నన్ను నీళ్లల్ల వడేస్తుండె.”

కాలేబు చేయి లాక్కోలేకపోయాడు. అలాగే నిలబడి, చెన్నయ్య వైపు తిరిగి, బ్రేకు బాగానే ఉందని, తనే తప్పు కాలు తొక్కానని, గోవర్ధన్ పనిలో ఏ తప్పూ లేదని చెప్పాడు. అతని గొంతు అంత చిన్నగా రావడం నేను ఎన్నడూ వినలేదు.

చెన్నయ్య నమ్మలేదు. మొదట ఆశ్చర్యంగా చూశాడు, తర్వాత మెల్లగా నవ్వాడు.

“దోస్తు కోసం నెత్తిన వేసుకుంటున్నవ్. నాకు తెల్వదా ఏంది? నువ్వు బండి మీద తప్పు చేస్తవా కాలేబన్నా? సచ్చినా చెయ్యవు.”

కాలేబు ఒట్టు పెట్టాడు. ఎంత చెప్తే అంత మంచివాడవుతున్నాడు. చివరికి చెన్నయ్య వేరే మెకానిక్ దగ్గర బాగుచేయించి తెచ్చుకున్న హీరోహోండాను వాకిట్లోకి తెచ్చి, అయితే ఎక్కి చూపించమన్నాడు. కాలేబు ఎక్కాడు. ఊరి బాట మీద అటూ ఇటూ తోలాడు. చెన్నయ్య ఆపు అన్నప్పుడల్లా ఆపాడు. ఆపాలని అనుకుని ఆపితే కుడికాలు సరిగ్గానే పోతోంది. కావాలని ఎడమకాలు తొక్కి చూపిస్తే అక్కడున్న ఆడవాళ్లు కూడా నవ్వారు, నటన రాదు నీకు అని. చెన్నయ్య బండి తీసుకుంటూ, కళ్లారా చూశాను, నీ కాలు తప్పేది కాదు, తప్పింది బ్రేకే అన్నాడు. ఇరవై ఏళ్లు ఊరంతా తిరిగి కట్టుకున్న పేరు ఇప్పుడు అతని నోటికి అడ్డంగా నిలబడింది. ఆ పేరు కట్టడానికి వీధివీధినా మనుషుల్ని తక్కువ చేసింది కూడా అతనే.

తిరిగి వచ్చేటప్పుడు గోవర్ధన్ షాపు దగ్గర ఇంజన్ ఆపలేదు. షాపు ముందే బండి నిలిపి దిగాడు. చెప్పాను, నమ్మడం లేదు అన్నాడు. చెన్నయ్య ముందు బండి తోలి చూపిన సంగతి కూడా చెప్పాడు. గోవర్ధన్ తడి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు.

“నువ్వు చూసుకుంట తొక్కినవ్. చూసుకుంట తొక్కితే ఎవలి కాలు తప్పుతది? ఐతారం నాడు చెన్నయ్యను, బండిని ఇక్కడికి పట్కరా. అందరు ఉండంగ తోలు.”

“తోలితే ఏమైతది?”

“తోలు. ఏమైతదో అప్పుడు చూద్దాం.”

ఆదివారం అంగడి. బస్టాండు దగ్గర జనం బాగా ఉన్నారు. బుల్లెట్ కాలేబు హీరోహోండా ఎక్కుతున్నాడంటే అదే ఒక తమాషా. చాయ్ హోటలు బెంచీలు నిండాయి. చర్చి నుంచి వచ్చినవాళ్లు కూడా ఆగారు, యేసమ్మ వాళ్ల మధ్య బైబిలు సంచి పట్టుకుని నిలబడింది. చెన్నయ్య బండి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. కాలేబు షాపు ముందు నుంచి పోయాడు, వచ్చాడు, ఆపాడు. ఏమీ కాలేదు. మళ్లీ పోయాడు, వచ్చాడు. జాకెట్టు ఎంతవరకు కుట్టావని బెంచీ మీద నుంచి ఒకడు అడిగాడు. జనం నవ్వారు. కొందరు ఇక వెళ్లిపోతున్నారు. గోవర్ధన్ షెడ్డు లోపలికి పోయాడు, విసుగొచ్చిందనుకున్నాను.

కాలేబు మళ్లీ తిరిగి వస్తున్నాడు. చెమట పట్టి, సిగ్గుతో మొహం ముడుచుకుపోయి ఉంది. బెంచీ మీదివాడు ఇంకేదో అన్నాడు. దానికి జవాబు చెప్పడానికి కాలేబు తల అటు తిప్పాడు. సరిగ్గా అప్పుడు షెడ్డులో నుంచి ఒక పాత లారీ టైరు దొర్లుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది.

కాలేబు తల తిప్పి చూశాడు. బండి ఆగలేదు. టైరును గుద్ది, పక్కకు ఒరిగి, చాయ్ హోటలు నీళ్ల డ్రమ్మును తన్ని పడిపోయింది. నీళ్లు, బురద, గ్లాసులు. యేసమ్మ సంచి పడేసి ముందుకు ఉరికింది. బెంచీల మీదివాళ్లు లేచారు. అందరికంటే ముందు గోవర్ధన్ చేరి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“ఎవలు లేపకుండ్రి. ముందుగాల కాలు చూడుండ్రి.”

కాలేబు బండి కింద బురదలో పక్కకు పడి ఉన్నాడు. కుడికాలు పెడలును వదిలేసి గాలిలో ఉంది. ఎడమకాలు గేరు పెడలును ఇంకా తొక్కుతూనే ఉంది. చెప్పు తెగి, బొటనవేలు తెల్లబడేంత గట్టిగా తొక్కుతోంది. బండి ఎప్పుడో ఆగిపోయింది, కాలు మాత్రం దాన్ని ఆపడానికే ఇంకా కష్టపడుతోంది. జనం వంగి చూశారు. ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూశారు. చెన్నయ్య బురదలో మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. కాలేబుకు తన కాలు అందరూ చూస్తున్నారని తెలిసింది. తీయాలనుకున్నాడు. వెంటనే రాలేదు.

లేపి కూర్చోబెట్టారు. మోచేయి గీరుకుపోయింది, ఇంకేమీ కాలేదు. పడ్డప్పటి నుంచి అప్పటిదాకా ఎవరూ నవ్వలేదు. బెంచీ దగ్గర ఒకడు మొదలుపెట్టాడు, తర్వాత చాలామంది నవ్వారు. ఇరవై ఏళ్లుగా అతను ఎవరెవరిని చూసి నవ్వాడో వాళ్లందరూ అక్కడ ఉన్నారు. పడ్డది బండి కాదు అని ఎవడో అందుకున్నాడు కూడా. యేసమ్మ నవ్వలేదు. ఆమె భర్తను కాదు, కొంచెం దూరంలో నిలబడ్డ చర్చివాళ్లను చూస్తోంది.

చెన్నయ్య మాత్రం నెమ్మదిగా అడిగాడు.

“మరి ఆ రోజు బ్రేకు పట్టలేదని ఎందుకన్నవ్?”

కాలేబు తెగిన చెప్పును చేతిలో పట్టుకుని ఉన్నాడు.

“షరమైంది చెన్నయ్యా, నలుగురిల సిగ్గువోతదని. మీ అమ్మ కాలు ఇరిగినదాని కన్నా ముందుగాల నాకు అదే యాదికొచ్చింది.”

ఆ మాట విన్నాక చెన్నయ్య బురదలోంచి లేచాడు. బండి లేపి, వంగిన హ్యాండిల్ పట్టుకుని, అందరూ చూస్తుండగా గోవర్ధన్ షెడ్డులోకి తోసుకుపోయాడు. నువ్వే చేయాలి, ఎన్ని రోజులైనా సరే అన్నాడు. షెడ్డు యజమాని కూడా ఆ జనంలోనే ఉన్నాడు. అది విని, తనను ఎవరూ చూడకముందే జరిగిపోయాడు. పండుగ వెళ్లినా ఆ షెడ్డు ఖాళీ కాలేదు.

గోవర్ధన్ బండిని స్టాండు వేసి, పానాల డబ్బా తెరిచి కూర్చున్నాడు. కాలేబు ఒంటి చెప్పుతో లోపలికి వచ్చాడు. ఎప్పటి అలవాటే, ఇద్దరి మధ్య ఇంజన్ ఉంటే అవతలి వైపు కూర్చోవడం. అలాగే అవతలికి పోయి, వంగిన ఫుట్‌రెస్టు మీద చేయి వేశాడు.

“నువ్వు ముట్టకన్నా” అన్నాడు గోవర్ధన్.

కోపంగా అనలేదు. అప్పుడే షాపుకు వచ్చిన కొత్త గిరాకీకి చెప్పినట్టు అన్నాడు. కాలేబు చేయి తీసేశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీకి తుడుచుకున్నాడు, అయినా కాసేపు అక్కడే నిలబడ్డాడు.